పన్నెండుగురిలో ఇద్దరు మగ్గమెరిగినవారు

నవీన చిత్రమును చూచినవారెవరైనను ముందుగా "ఇదేమి బొమ్మ?" అని అడుగుదురు. అందులో చెట్టు లేదు, మనిషి లేదు, గోపురము లేదు. ఉన్నదల్లా రంగు, గీత, మరల రంగు. కాని మన వై.ఎన్.హొసకోట పట్టుచీరె అంచులోని కడ్డీని చూచి ఇదేమి బొమ్మ అని ఏ ఇల్లాలూ అడిగి యుండదు. పడుగు రంగు, పేక రంగు కలిసి మూడవ రంగు తళుక్కుమనుటయే అక్కడి సంగతి. బొమ్మ లేని అందము మనకు క్రొత్త కాదు.

1963 అక్టోబరులో ఢిల్లీ రవీంద్ర భవనములోని లలిత కళా అకాడమీలో పన్నెండుమంది కళాకారులు ఒక ప్రదర్శనము పెట్టినారు. ప్రారంభించినవారు ప్రధాని నెహ్రూగారు. పట్టికకు పీఠిక వ్రాసినది అప్పట్లో మన దేశమున మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఆక్టేవియో పాజ్. ఈ బృందము పేరు "గ్రూప్ 1890". అది సంవత్సరము కాదు! 1962లో వారు కూడి మాట్లాడుకొన్న భావనగరులోని ఇంటి నంబరు. జె. స్వామినాథన్ వారికి ముందు నడిచినవాడు. పాత బెంగాలు పద్ధతిని పట్టుకొని వ్రేలాడరాదు, ఐరోపావారిని అనుకరింపరాదు అని వారి పట్టుదల. అందరివీ కేవల నైరూప్య చిత్రములని చెప్పలేము. ఆ బృందము మరల కలిసి ప్రదర్శింపలేదు, ఆ ఒక్కటే.

ఆ పన్నెండుగురిలో ఎం. రెడ్డెప్ప నాయుడు తెలుగువాడు, 1932లో జన్మించి మద్రాసు కళాశాలలో చదివినవాడు. అకోలాలో పుట్టిన అంబాదాస్ మరొకడు. ఇతని పటములలో ఏ ఆకారమును కనబడదు, రంగు ప్రవాహమే. ఇద్దరును చేనేత సేవా కేంద్రములలో డిజైనులు వేసి జీతము తీసికొన్నవారే. పుపుల్ జయకర్‌గారి చొరవతో 1950లలో వెలసిన ఆ కేంద్రములు ఎందరో చిత్రకారులకు అన్నము పెట్టినవి. కె.జి. సుబ్రమణ్యన్, ప్రభాకర్ బర్వే, అర్పితా సింగ్ కూడ ఆ కొలువు చేసినవారే.

చిత్రకారుడు గీచినదెల్లా నేతకు లొంగదు. కుంచెతో ఒక్క విసురున వచ్చిన వంపు గ్రాఫు గళ్ళలో పడినచో మెట్లు మెట్లుగా విరుగును. దానిని నునుపు చేయవలెనన్న గళ్ళు చిన్నవి కావలెను, అట్టలు పెరుగును, ఖర్చు పెరుగును. జాకార్డు ముందు కూర్చున్నవానికి ఇది చెప్పనక్కరలేదు. అయితే కొంగులో పేక చారల వెడల్పు మార్చుటకు, రంగుల వరుస తప్పించుటకు క్రొత్త అట్టలు అవసరము లేదు. కండెలు మార్చిన చాలును. ఒక పడుగులో చివరి చీరెకైనను ఇట్టి ప్రయత్నము చేయవచ్చును. నష్టము వచ్చినను ఒక్క కొంగుతో పోవును.

ఇక అసలు బాధ. పటము మూలను చిత్రకారుని సంతకముండును. చీరెపై అంగడివాని చీటీ ఉండును. నేసినవాని పేరెక్కడ? మన వారిలో ఒకడు కష్టపడి ఒక క్రొత్త అంచు తీసినచో, అది నాలుగు నాళ్ళలో మరమగ్గముపై సగము ధరకు దిగును. దీనికి 2000 నాటి డిజైనుల చట్టములో కొంత త్రోవ కలదు. నమోదైన డిజైనుకు పదేండ్లు రక్షణ, మరి ఐదేండ్లు పొడిగింపు. కాని డిజైను క్రొత్తదై యుండవలెను. నమోదుకు దరఖాస్తు పెట్టకముందే చీరెను బజారుకు పంపినచో ఆ హక్కు పోవును. మనవారు తప్పునది ఇక్కడనే! మొదటి చీరె దిగిన మరునాడే వర్తకునికి చూపుదురు.

తాతల నాటి కడ్డీలకు, రుద్రాక్షలకు ఇది వర్తింపదు, అవి అందరివి. స్వయముగా కల్పించిన అంచుకు మాత్రము గ్రాఫు కాగితముపై తేదీ వేసి, కల్పించినవాని పేరు వ్రాసి, సంఘములో ఒక ప్రతి భద్రపరచుకొని, దరఖాస్తు పంపిన పిమ్మటనే చీరెను మడత విప్పి చూపవలెను. చేనేత సేవా కేంద్రము మనకు బెంగుళూరులో కలదు. అక్కడికి పోవునపుడు ఖాళీ చేతులతో పోక, గ్రాఫును, అరగజము నేసిన గుడ్డను వెంట తీసికొని పోవలెను.