పసిబిడ్డకు గావలసిన వస్తువు లెవ్వి?



గడచిన శ్రావణమాసమున నొకనాటి యుదయము మేము తెనాలి రైల్వేస్టేషనులో రేపల్లె బండికొఱకు వేచియుంటిమి. మా ప్రక్కనే యొక పెద్దముత్తైదువ గొప్ప అట్టపెట్టె నొకదానిని కాళ్లకడ బెట్టుకొని కూర్చుండెను. మాటలలో నందేమున్నదని యడిగితిమి.

“మనవడికి తోపుడుబండి అండి. పుట్టి పదిరోజులైంది. మా అమ్మాయి ఫోనులో చూసి ఇదే కావాలంది. రెండు బస్తాల ధాన్యం డబ్బులు అయినాయి” అని యామె సంతోషముతోనే చెప్పెను.

“మీ ఊరికి బాట ఎట్లా ఉంటుందమ్మా?”

“వానొస్తే మోకాలిలోతు బురదండి” అని నవ్వెను.

“ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ఉన్నదా?”

“అదెందుకండి? చెయ్యి పెట్టి చూస్తే తెలియదూ?”

ఆ తల్లి చేసినది తప్పని మే మనజాలము. మనుమనిపై ప్రేమయే ఆ పెట్టెను మోయించినది. కాని రెండు బస్తాల ధాన్యపు సొమ్ము బురదబాటపై నడువని బండికి పోయి, రెండువందల రూపాయలలోపు లభించు ప్రాణరక్షక సాధన మింటలేకపోవుట మాత్రము మమ్ము చింతింపజేసినది. ఆ చింతయే యీ వ్యాసమునకు మూలము.

తెనాలి, బాపట్ల, రేపల్లెలు మూడును కృష్ణాడెల్టాలోని పట్టణములే. 2022 ఏప్రిలులో క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచిపోగా, తక్కిన రెండును బాపట్ల జిల్లాలో జేరినవి. జిల్లాలు వేరైనను ఉక్క యొక్కటే, దోమ యొక్కటే, వానకాలపు తడి యొక్కటే. బిడ్డకు వలయు వస్తువులను నిర్ణయింపవలసినది ఈ గాలియు నీరునే కాని, ఫోనులో గనబడు చిత్రములు గావు. చలిదేశపు బిడ్డకు గావలసిన దళసరి పఱుపు మన బిడ్డకు చెమటపొక్కులు దెచ్చును.

పక్కయు నుయ్యాలయు

బిడ్డ పండుకొను పక్క సమతలముగను, కొంచెము గట్టిగను ఉండవలెను. మెత్తని దూదిపఱుపులో బిడ్డముఖము కూరుకొనిపోయిన ఊపిరి యాడదు. తలక్రింద దిండు, చుట్టును మెత్తలు, ప్రక్కను బొమ్మలు పెట్టుట అందముగా గన్పట్టును గాని మొదటి యేడు వానితో బనిలేదు. నాలుగు మడతల శుభ్రమైన నూలుబొంత చాలును. బిడ్డను వెల్లకిల బరుండబెట్టవలెను. బోర్లబెట్టి నిద్రపుచ్చవలదని అమెరికాదేశమున 1994లో గొప్ప ప్రచార మారంభింపగా, తరువాతి సంవత్సరములలో నిద్రలో నకారణముగ సంభవించు శిశుమరణములు దాదాపు సగమునకు దగ్గినవి. వస్తువేదియు గొనకయే, పరుండబెట్టు తీరు మార్చుటచేత గలిగిన మేలిది!

బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేయుట మన కెంతయో ముచ్చట. ఆ ముచ్చట మానవలసిన పనిలేదు. కాని దూలమునకు గట్టిన చీరయుయ్యాలలో బిడ్డ విల్లువలె వంగి, గడ్డము ఱొమ్మున కానుకొన్న ఊపిరికి అడ్డగును. పెద్దపిల్లలు దానిని మెలిపెట్టి త్రిప్పిన నపాయము. కనుక చీరయుయ్యాలలో బిడ్డనుంచి కన్ను మఱల్పరాదు. రాత్రినిద్రకు దాని నుపయోగింపరాదు. అడుగు సమముగ నున్న కొయ్యయుయ్యాల మేలు. దానంతట నదియే యూగు విద్యుద్యంత్రపు టుయ్యాల వేలకువేలు వెలగలది. కరెంటు పోయిన దినమున నది కొయ్యయుయ్యాలకంటె నెక్కువ గాదు.

దోమతెర

కాలువలు, చేలు, నిలువనీరు గల మన సీమలో దోమతెర యాడంబరము గాదు, అవసరము. బట్టలు కొనుటకు బూర్వమే దానిని గొనవలెను. గొడుగువలె ముడుచుకొను చిన్నతెర తక్కువవెలకే దొరకును. తెర యంచులు నేలకు బిగువుగా నానుచున్నవో లేదో, చిరుగు లున్నవో లేదో ప్రతిసాయంత్రము చూడవలెను. పగటిపూట గఱచు దోమవలన డెంగీజ్వరము వచ్చును గనుక పగటినిద్రకును తెర వలయును. దోమలకై పురిటిగదిలో చుట్టలు వెలిగించుట, సాంబ్రాణిపొగ దట్టముగ వేయుట రెండును పసివాని ఊపిరితిత్తులకు హానికరములు. తల యారుటకు మెత్తని గుడ్డ చాలును.

ఉగ్గుగిన్నె

ఈ విషయమున మాయింటి యనుభవమునే చెప్పెదము. బాపట్లలో మా చెల్లెలికి నెలలు నిండకమునుపే కాన్పయినది. బిడ్డ తూకము రెండు కిలోలు. రొమ్ము పట్టి కుడుచుటకు దానికి శక్తి చాలలేదు. చూడవచ్చినవారొకరు పాలసీసాయు, డబ్బాపాలును దెచ్చిరి. మేమును చదువుకొన్నవారమే; అయినను ఇంటినిండ బంధువులు, తల్లికి నీరసము, వానకాలపు కట్టెలవలె తడిసిన బుద్ధులు! సీసా నొకపూట మఱగించితిమి, ఒకపూట గోరువెచ్చని నీటితో గడిగి సరిపెట్టితిమి. మూడవవారమున బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవి. ఐదుదినము లాసుపత్రిలో నుంటిమి. ఆ యైదు రాత్రులు మా తల్లి ఆసుపత్రి నడవాలో గూర్చుండి యొక్కమాటయైన నాడలేదు.

అక్కడి దాదియమ్మ సీసాను దీసివేయించి, “మీ ఇంట్లో ఉగ్గుగిన్నె లేదామ్మా?” అని యడిగెను. ఉన్నది! మా అమ్మమ్మ కాలమునాటి వెండి యుగ్గుగిన్నె బీరువాలో జ్ఞాపకవస్తువుగా బడియున్నది. దానిని మఱగించి తెచ్చి, తల్లిపాలను చేత బిదికి, బిడ్డతల కొంచెమెత్తి, గిన్నెముక్కును క్రిందిపెదవికి దాకించి, బిడ్డ మ్రింగినకొలది చుక్కచుక్కగా బోసితిమి. పదునైదుదినములలో బిడ్డ రొమ్ము పట్టెను. నేడు ఆ పిల్ల బాపట్లలో బడికి బోవుచున్నది.

దీని కారణము సులభము. సీసాకు ఇఱుకుమెడయు, రబ్బరు పీకయు గలవు; ఆ సందులలో పాలజిడ్డు నిలిచి క్రిములు పెరుగును. గిన్నెకు సందులు లేవు. కంటి కగపడునంతయు దోమవచ్చును, కడుగవచ్చును. వెండిదే కానక్కఱలేదు, స్టీలుదైనను సరియే. బిదికిన పాలను బయట నాలుగు గంటలకు మించి యుంచరాదు. పుట్టిన గంటలోపల రొమ్మునిచ్చుట, పసుపుపచ్చని ముఱ్ఱుపాలను పిండి పాఱబోయకుండుట, ఆఱునెలలు నిండువఱకు మంచినీరైన నీయక తల్లిపాలతోనే పెంచుట, ఇవి యన్ని సామగ్రులకంటె మిన్న. తేనె నాకించుట యేడాది నిండువఱకు కూడదు. వైద్యుడు ప్రత్యేకకారణమున డబ్బాపాలను విధించినచో నది వేఱుమాట. అప్పుడును గిన్నెయే మేలు.

మన దేశమున 1992లో జేసి 2003లో సవరించిన చట్టముచే పాలసీసాలకును, డబ్బాపాలకును ప్రకటనలు చేయుట నిషిద్ధము. ప్రకటన చేయగూడదని ప్రభుత్వమే శాసించిన వస్తువును మనము బారసాలకానుకగా గొనిపోవుట యెట్టిదో సోదరీమణులే యోచింతురుగాక!

తల్లియొడియే వెచ్చని పక్క

రెండున్నర కిలోలకు దక్కువ తూగు బిడ్డలకు ఒంటివేడి త్వరగా దిగిపోవును. 1978లో దక్షిణ అమెరికాయందలి కొలంబియాదేశపు బొగోటా నగరమున ఎడ్గార్ రే సనాబ్రియా యను వైద్యుడు, వెచ్చదనపు పెట్టెలు చాలకపోవుటచే, బిడ్డను తల్లిఱొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా గట్టించెను. కంగారూ పిల్లను సంచిలో మోయు తీరును బట్టి దీనికి కంగారూ సంరక్షణమని పేరు వచ్చినది. నేడిది లోకమంతట నంగీకృతము. దీనికి వలయునది యొక మెత్తని చీరముక్క. బిడ్డకు టోపియు, మేజోళ్లును. తల్లి యలసినపుడు తండ్రియు నట్లే యెత్తుకొనవచ్చును. మా మఱదియు బాపట్లలో నట్లే గూర్చుండగా, చుట్టములు మొదట నవ్విరి, రెండవనాడు నవ్వలేదు.

బట్టలు, స్నానము

పొత్తిగుడ్డలకు ఇంటిలోని పాతపంచెలు, చీరలకంటె మెత్తనివి లేవు. ఉదికి యెండలో నారవేసి పెట్టుకొనవలెను. కొత్తవి కొనదలచిన చీరాల, మంగళగిరి మగ్గముల పలుచని నూలుబట్ట మన యుక్కకు దగియుండును. జరీలు, గుండీలు, మెడకు గట్టు త్రాళ్లు వలదు. పిన్నీసులకు మాఱుగా ముడి మేలు. ముసురుదినములలో గుడ్డలారవు గనుక ఇస్త్రీ చేసి యారబెట్టవలెను. ఇరువది ముప్పది గుడ్డలున్న నిబ్బందియుండదు.

వాడి పాఱవేయు డైపర్లు ప్రయాణమునకును, వానరాత్రికిని సుఖమే. అవి తడిసినవెంటనే మార్చనిచో తొడలు ఒఱసిపోవును. వానిని కాలువలో మాత్రము విసరవలదు. ఆ కాలువనీరే దిగువయూరి చెఱువుకు జేరును. అచ్చటను పసిబిడ్డలు గలరు.

పుట్టిననాడే స్నానము చేయింప తొందరవలదు. ఒకదినమైన నాగుట మేలు. స్నానపుదొట్టి లేకున్నను కాళ్లపై బెట్టుకొని పోయు మన పద్ధతి మంచిదే. నీటివేడిని మోచేతితో జూచుకొనవలెను. ముక్కులో, చెవిలో నూనె పోయుట, ముఖమున పౌడరు చల్లుట కూడవు. కాటుకలో సీసము కలిసియుండుట కలదు గనుక కంట బెట్టరాదు. దిష్టిచుక్క పెట్టక మనసొప్పనిచో అరికాలిలో నొకచుక్క చాలును.

జ్వరమును జూచు సాధనము

తోపుడుబండికంటె ముందుగా గొనవలసినది డిజిటల్ థర్మామీటరు. పాదరసపు గాజుగొట్టము పగిలిన నపాయము గనుక దానిని గొనవలదు. చంకలో బెట్టిచూచిన బిడ్డవేడి 97.7 మొదలు 99.5 డిగ్రీల ఫారెన్‌హీటువఱకు ఉండుట సహజము. అంతకు మించినను, ఎత్తుకొని కప్పినను వేడి యెక్కక చల్లగానే యున్నను, రొమ్ము పట్టకున్నను, నిమిషమునకు అఱువదియో అంతకెక్కువయో ఊపిరులు తీయుచున్నను, ఱొమ్ము లోనికి గుంజుకొనుచున్నను, కదలక మెదలక యున్నను ఇంటిమందు లారంభింపక ఆసుపత్రికి గొనిపోవలెను. నెలలోపు బిడ్డకు రాత్రి గడచిన దర్వాత చూతమను మాటయే కూడదు. 108 సంఖ్య గోడపై వ్రాసిపెట్టుకొనుడు. ఆసుపత్రికి బోవు దారిబత్తెమును వేఱుగ మూటగట్టి యుంచుట మన పెద్దల పద్ధతి. అదియు నొక సామగ్రియే.

తొందరపడి కొనగూడనివి

చక్రములుగల పీటలో బిడ్డను గూర్చుండబెట్టి త్రిప్పు నడకబండిని కెనడాదేశము 2004లో అమ్మరాదని నిషేధించినది. దానివలన నడక త్వరగా రాదు. మెట్లపైనుండి బడుట మాత్రము వచ్చును. తానై నిలువబడిన బిడ్డ త్రోసికొనుచు నడచు మన మూడుచక్రముల కొయ్యబండి వేఱు. దానికి కాల మింకను గలదు. బొమ్మలకును తొందర లేదు. కొన్నప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూచుకొనవలెను, 2021 జనవరి 1 మొదలు మనదేశమున నది తప్పనిసరి. అంకుడుకఱ్ఱతో జేసిన ఏటికొప్పాక లక్కగిలకలు చూడ ముచ్చటగ నుండును. 2017లో వానికి భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. కాని యూడివచ్చు చిన్నముక్కలు లేకుండ జూచుకొనుడు.

పెట్టెలో బెట్టి యిచ్చు దేశము

ఫిన్లండుదేశము 1930 ప్రాంతమున బీదది. పుట్టిన వేయిమంది బిడ్డలలో సుమారు అఱువదియైదుగురు ఏడాది నిండకయే పోవుచుండిరి. ఆ ప్రభుత్వము 1938 నుండి బీదతల్లులకును, 1949 నుండి తల్లులందఱికిని ఒక అట్టపెట్టెలో బిడ్డబట్టలు, పక్కగుడ్డలు పెట్టి యీయసాగెను. ఆ పెట్టెయే బిడ్డకు మొదటిపక్క! కాని 1949 నుండి దానిని బొందుటకు గర్భవతి నాలుగవనెల దాటకముందే వైద్యుని గాని మంత్రసానిని గాని చూడవలెనని నియమము. పెట్టెకంటె ఆ నియమమే యెక్కువ మేలు చేసినది. మన తెలుగుసీమలోను 2016లో ఆంధ్రప్రదేశమున ఎన్టీఆర్ బేబీకిట్ అను పేర, 2017లో తెలంగాణమున కేసీఆర్ కిట్ అను పేర ప్రభుత్వాసుపత్రులలో గాన్పయిన తల్లులకు దోమతెర మొదలగునవి యిచ్చుట ఆరంభమైనది.

ఈ పని మన యిండ్లలో మనమును జేయవచ్చును. బారసాలకు వచ్చు పదుగురు పది వెండిగిన్నెలు, పది జరీచొక్కాలు తెచ్చుటకు మాఱుగ నొక్కటిగ జేరి యొక పురిటిపెట్టె నమర్పరాదా? దోమతెర, నూలుబొంత, పొత్తిగుడ్డలు, ఉగ్గుగిన్నె, థర్మామీటరు, టోపి మేజోళ్లు, సబ్బు, దారిబత్తెము, ఇంతే. దీని మొత్తము ఆ తోపుడుబండి వెలలో సగమైన గాదు.

రేపల్లె బండిలో ఆ ముత్తైదువ మా యెదుటనే కూర్చుండెను. దారిపొడుగున నీ సంగతులే మాటాడితిమి. దిగునపుడు, “ఆ జ్వరం చూసేదాని పేరు రాసివ్వండమ్మా, మా అల్లుడితో తెప్పిస్తాను” అని యడిగెను. వేఱు కాగితము దొరకనందున ఆ అట్టపెట్టె మూతపైననే పెద్దయక్షరములతో వ్రాసి, దానిక్రింద 108 అని వ్రాసితిమి. ఆమె పెట్టెను నెత్తికెత్తుకొని, వానలో దడవకుండ కొంగు కప్పి, జనములో గలిసిపోయెను.