విద్యుత్ లైన్ల దీర్ఘకాల ప్రణాళిక: సరిహద్దు గ్రామాల మాటకు చోటెక్కడ?

చేలో గుర్తు రాయి పాతిన నాడు గాని పెద్ద లైను వస్తున్నదన్న సంగతి చాలా గ్రామాలలో తెలియదు. అప్పటికి ఆ లైను గురించిన నిర్ణయం జరిగి ఏళ్లు గడిచి ఉంటుంది. ఎక్కడ నుంచి ఎక్కడికి వేయాలో, ఎంత శక్తి గలది వేయాలో, ఎవరు నిర్మించాలో అన్నీ తేలిపోయిన పిమ్మట రైతుకు మిగిలేది నష్టపరిహారం గురించిన వాదన మాత్రమే. అయితే చట్టం ప్రజల మాటకు అంతకు ముందే కొన్ని చోట్ల అవకాశం కల్పించింది. ఆ చోట్లు ఏవో, అక్కడ ఎప్పుడు, ఏ విధంగా మాట్లాడాలో తెలుసుకొనుట సరిహద్దు గ్రామాల వారికి మరింత అవసరం. వారి పొలాలు ఒక రాష్ట్రంలో, బంధువులు మరో రాష్ట్రంలో, తలపై పోయే తీగ మూడో రాష్ట్రానికి చెందినదై ఉండుట కద్దు.

మూడు గ్రిడ్లలో తెలుగువారు

దేశంలోని విద్యుత్ వ్యవస్థను ఉత్తర, పశ్చిమ, దక్షిణ, తూర్పు, ఈశాన్య ప్రాంతాలుగా విభజించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి దక్షిణ ప్రాంతంలో ఉన్నవి. కనుక కోలారు, బళ్లారి, హోసూరు తెలుగువారూ, పుదుచ్చేరిలో భాగమైన యానాం వారూ ఈ ప్రాంతంలోనివారే. కోరాపుట్, రాయగడ, గంజాం తెలుగువారు తూర్పు ప్రాంతంలోకి, షోలాపూర్, చంద్రపూర్ తెలుగువారు పశ్చిమ ప్రాంతంలోకి వస్తారు. ప్రతి ప్రాంతానికీ ఒక ప్రాంతీయ విద్యుత్ కమిటీ ఉన్నది. దక్షిణానిది బెంగళూరులో, తూర్పుది కోల్‌కతాలో, పశ్చిమానిది ముంబయిలో ఉన్నవి.

ఈ ప్రాంతాలను కలిపే ముఖ్యమైన లైన్లు సరిగా సరిహద్దు జిల్లాల మీదుగానే సాగినవి. 2003లో పూర్తయిన తాల్చేరు-కోలారు లైను ఒడిశాలో పుట్టి, ఆంధ్ర భూభాగం దాటి, 1,350 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కోలారు చేరుతుంది. ఒడిశాలోని జయపురం వైపు నుంచి విశాఖ గాజువాకకు, మహారాష్ట్రలోని భద్రావతి నుంచి రామగుండం వైపునకు మరి రెండు లంకెలు ఏర్పడినవి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు దక్షిణాదిలో దీపాలు ఆరలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్డు మిగిలిన దేశంతో ఒకే లయలో నడిచే విధంగా కలవకపోవడమే అందుకు కారణం. అయితే ఆ వేర్పాటుకు మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది. ఇతర ప్రాంతాలలో కరెంటు దొరికినా తెచ్చుకొనే లైన్లు చాలక ఆ సంవత్సరం దక్షిణ రాష్ట్రాలు తీవ్రమైన కోతలు అనుభవించినవి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్డు దేశ గ్రిడ్డులో కలిసింది. తెలుగు మాట వినిపించే రెండు పొరుగు రాష్ట్రాల పట్టణాలు ఆ విధంగా దేశ విద్యుత్ పటంపై ముడిగా నిలిచినవి.

లైను అవసరమని ఈ ఉదాహరణే చెబుతుంది. కాబట్టి సరిహద్దు గ్రామాల వారి ప్రశ్న "లైను ఎందుకు" అన్నది మాత్రమే కాదు. "ఈ దారినే ఎందుకు, ఈ గ్రామానికి దాని వలన ఏమి, భారం ఎవరిది" అన్నవి కూడా అడగవలసినవే.

ప్రణాళిక మెట్లు

మొదటి మెట్టు జాతీయ విద్యుత్ ప్రణాళిక. విద్యుత్ చట్టం 2003లోని 3వ సెక్షను ప్రకారం కేంద్ర విద్యుత్ అథారిటీ అయిదేళ్లకొకసారి దీనిని తయారు చేయాలి. ముసాయిదాను ప్రచురించి లైసెన్సుదారుల నుంచి, ఉత్పత్తి సంస్థల నుంచి, ప్రజల నుంచి సలహాలు, అభ్యంతరాలు కోరాలని ఆ సెక్షనే విధిస్తున్నది. 2022-32 కాలానికి ఉత్పత్తి భాగం 2023లో, లైన్ల భాగం 2024 అక్టోబరులో వెలువడినవి. 2032 నాటికి దేశంలో గరిష్ఠ గిరాకీ 458 గిగావాట్లకు చేరవచ్చునని, లైన్ల నిడివి 4.85 లక్షల సర్క్యూట్ కిలోమీటర్ల నుంచి 6.48 లక్షలకు పెరుగుతుందని, ఇందుకు 9.15 లక్షల కోట్ల రూపాయలు కావాలని లైన్ల భాగం లెక్క వేసింది. అనంతపురం, కర్నూలు ప్రాంతాలలోనూ వాటిని ఆనుకొన్న కర్ణాటక తాలూకాలలోనూ తయారయ్యే సౌర, పవన విద్యుత్తును దూర నగరాలకు చేర్చడం ఈ లైన్ల పనులలో ఒకటి.

రెండవ మెట్టు నిర్దిష్ట పథకాలు. రాష్ట్రాల మధ్య లైన్లకు కేంద్ర ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ, రాష్ట్రంలోపలి లైన్లకు ఆయా రాష్ట్రాల ట్రాన్స్‌కోలు పథకాలు రూపొందిస్తాయి. ఏ సబ్‌స్టేషన్‌ను ఏ సబ్‌స్టేషన్‌తో కలపాలో ఇక్కడే తేలుతుంది. ఈ చర్చలు అధికారుల నడుమ, సంస్థల నడుమ జరిగేవి. సాధారణ రైతుకు కుర్చీ వేసే సభలు కావు.

మూడవ మెట్టు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందు జరిగే విచారణ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో డిస్కంలు, ట్రాన్స్‌కోలు 2024-29 కాలానికి గిరాకీ అంచనాలను, వనరుల ప్రణాళికలను, ఆ తరువాతి అయిదేళ్లకు తాత్కాలిక అంచనాలను మండళ్ల ముందుంచినవి. చార్జీల దరఖాస్తు వచ్చినప్పుడు దానిని ప్రచురించి, ప్రజల సలహాలు, అభ్యంతరాలు పరిశీలించి, 120 రోజులలో ఉత్తర్వు ఇవ్వాలని 64వ సెక్షను చెబుతున్నది. గ్రామీణునికి ఎదుటపడి మాట్లాడే అవకాశం ప్రధానంగా ఈ మెట్టు మీదనే దొరుకుతుంది. నేటి పెట్టుబడే రేపటి చార్జీ. కనుక బిల్లు గురించిన విచారణలో లైను గురించిన ప్రశ్న అడగడం అసందర్భం కాదు.

నాలుగవ మెట్టు మార్గం. నిర్మాణ సంస్థ లైసెన్సు కోరినప్పుడు పత్రికా ప్రకటన వెలువడుతుంది. తరువాత, పాత టెలిగ్రాఫ్ చట్టం కింది అధికారాలను 164వ సెక్షను ద్వారా పొందదలచినప్పుడు, లైను సాగే గ్రామాల పేర్లతో ప్రకటన ఇచ్చి, రెండు నెలలలోగా అభిప్రాయాలు తెలుపవలసినదిగా కోరుట వాడుక. వరుసగా గ్రామాల పేర్లు మాత్రమే ఉండే ఆ చిన్న ప్రకటనను చాలామంది పేజీ తిప్పి వదిలేస్తారు. నిజానికి మార్గం మార్చమని అడగడానికి అదే దాదాపు చివరి అదను. ఆ అధికారం ఒకసారి లభించిన తరువాత సంస్థ భూమిని కొనకుండానే టవరు వేయగలదు. రైతు అడ్డుకొన్నచో విషయం జిల్లా మేజిస్ట్రేటు వద్దకు, పరిహారం చాలదన్నచో జిల్లా జడ్జి వద్దకు వెళుతుంది.

ఖాళీ ఎక్కడ ఉన్నది?

బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టదలచినప్పుడు పర్యావరణ అనుమతి కోసం ఆ ప్రాంతంలోనే బహిరంగ విచారణ జరుగుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రకటన జాబితాలో విద్యుత్ లైన్లు లేవు. అడవి గుండా పోతే అటవీ అనుమతి కావాలి గాని, పొలాల మీదుగా పోయే లైనుకు ఊరి మధ్య షామియానా వేసి విచారణ జరపవలసిన నిబంధన ఆ ప్రకటనలో లేదు. సౌర పార్కుల విషయమూ ఇంతే.

పావగడ ఇందుకు మంచి ఉదాహరణ. తుమకూరు జిల్లాలో ఉండి, ఆంధ్ర పల్లెలను ఆనుకొని, తెలుగు, కన్నడం కలగలిసి పలికే ఈ కరవు తాలూకాలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలసింది. భూమిని కొనకుండా కౌలుకు తీసుకొన్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై క్రమంగా పెరిగే కౌలు వానలు లేని నేలకు ఆదాయం తెచ్చినది. కాని కౌలు భూమి గలవారికే. ఆ భూమిలో కూలి చేసుకొని బ్రతికినవారికి, పశువులు మేపుకొన్నవారికి ఒప్పందంలో చోటు ఉండదు. పార్కు నుంచి బయలుదేరే లైన్ల కింద పొలం గలవారి లెక్క వేరు. ఒకే పథకం ఒకే గ్రామంలో ముగ్గురికి మూడు రకాలుగా తగులుతుంది. ప్రణాళిక దశలో ముగ్గురి మాటా వినబడితేనే ఆ తేడా కాగితం మీదకు ఎక్కుతుంది.

భాష మరొక ఖాళీ. ఇటువంటి ప్రకటనలు సాధారణంగా ఆంగ్లంలోను, ఆ రాష్ట్ర భాషలోను వెలువడతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగే చదివిన పెద్దలు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ప్రకటన చదువలేక విడిచిపెడతారు. రాజ్యాంగం 350వ అధికరణం కష్టనివారణ కోసం అధికారులకు పెట్టుకొనే వినతిని దేశంలో గాని, ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు కల్పించింది. అయినా పని త్వరగా సాగాలంటే తెలుగు ప్రతికి తోడుగా రాష్ట్ర భాషలో ఒక ప్రతి జతపరచుట మేలు. ఇంట్లో ఆ రాష్ట్ర భాషలో చదువుకొనే పిల్లలు ఉన్నచో ఇది పెద్ద పని కాదు.

పరిహారం లెక్క

కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు టవరు పాదాల స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి గరిష్ఠంగా 15 శాతం అన్నవి. 2024 జూన్ నాటి మార్గదర్శకాలు వీటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచినవి. ఒక ఉదాహరణ చూడదగును. ఎకరా విలువ 10 లక్షలనీ, టవరుకు 5 సెంట్లు పోయిందనీ అనుకొందాం. ఆ స్థలం విలువ 50,000 రూపాయలు. పాత లెక్కన 42,500, కొత్త లెక్కన లక్ష రూపాయలు. 400 కిలోవోల్టుల లైను పట్టీ వెడల్పు సుమారు 46 మీటర్లు. అది పొలంలో 100 మీటర్లు సాగితే సుమారు 1.14 ఎకరాలు అవుతుంది. పాత లెక్కన దాదాపు 1.7 లక్షలకు మించదు, కొత్త లెక్కన దాదాపు 3.4 లక్షలు. పంట నష్టం, చెట్ల నష్టం వేరు.

రాష్ట్ర ప్రభుత్వాలు ఈ మార్గదర్శకాలను స్వీకరించవచ్చు, సొంత ఉత్తర్వులు కూడా ఇవ్వవచ్చు. కనుక గట్టుకు ఇవతలి రైతుకు ఒక రేటు, అవతలి రైతుకు మరొక రేటు పడుట అసంభవం కాదు. తమ రాష్ట్రంలో ఏ ఉత్తర్వు అమలులో ఉన్నదో కలెక్టరు కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొనుట రైతు చేయవలసిన మొదటి పని. భూమి విలువను ఏ లెక్కన కట్టారో అడుగుట రెండవది.

అభ్యంతరం వ్రాసే తీరు

మండలి ముందు గాని, అథారిటీ ముందు గాని కోపం కన్న కాగితానికి విలువ ఎక్కువ. గడువు తేదీ మొదట చూసుకోవాలి. పేరు, చిరునామా, ఉన్నచో కనెక్షను నంబరు వ్రాసి, దరఖాస్తులోని ఏ పేజీ, ఏ అంశం మీద అభ్యంతరమో వరుస నంబర్లతో తెలపాలి. "లైను వద్దు" అని ఊరుకోక, "ప్రభుత్వ బంజరు పక్కగా, వాగు వెంట, రోడ్డు అంచున మార్గం ఉన్నది, దానిని పరిశీలించండి" అని గ్రామ పటంతో సహా చూపినచో ఆ మాటకు జవాబు చెప్పక తప్పదు. బావులు, బోర్లు, తోటలు, శ్మశానం, బడి ఎక్కడ ఉన్నవో పటంలో గుర్తించాలి. ఒక ప్రతి సంబంధిత సంస్థకు పంపి రసీదు భద్రపరచుకోవాలి. విచారణలో స్వయంగా మాట్లాడదలచినచో ఆ సంగతి అందులోనే వ్రాయాలి. పంచాయతీ తీర్మానం జతపడితే బలం పెరుగుతుంది.

కావలసిన కాగితాలు దొరకనప్పుడు సమాచార హక్కు చట్టం 2005 ఉన్నది. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు. ఈ దరఖాస్తును ఆంగ్లంలో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో వ్రాయాలి. మండలి ఉత్తర్వుతో తృప్తి చెందనివారు 45 రోజులలోగా విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఎవరు ఏ మండలికి వ్రాయాలన్న సందేహం సరిహద్దులో సహజం. చార్జీల విషయంలో మీటరు ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్ర మండలికే వ్రాయాలి. యానాం వారికి గోవా, కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి మండలి ఉన్నది. పొలం పొరుగు రాష్ట్రంలో ఉన్నచో అక్కడి మండలికి కూడా వ్రాయుటకు వెనుకాడనక్కరలేదు. 64వ సెక్షనులో ఉన్నది "ప్రజలు" అన్న మాట. ఆ రాష్ట్రపు ప్రజలు మాత్రమే అన్న షరతు అందులో లేదు.

ఒక టవరు నిలిచిందంటే రెండు తరాలు దాని నీడలో సేద్యం చేయాలి. అంత కాలం ఉండే వస్తువు గురించి రెండు నెలల గడువులో ఒక ఉత్తరం వ్రాయుట గ్రామానికి భారమైన పని కాదు. రచ్చబండ వద్ద దినపత్రిక చదివే అలవాటు ఉన్న ఊళ్లలో, చివరి పేజీలలోని ప్రకటనలలో తమ ఊరి పేరు ఉన్నదేమో చూసే బాధ్యత ఒక చదువుకొన్న యువకునికో, యువతికో అప్పగించినచో సగం పని జరిగినట్లే. రాయి పాతిన తరువాత పెట్టే కేక కన్న, రాయి పాతక ముందు వ్రాసిన ఒక పేజీ ఎక్కువ దూరం వినబడుతుంది.