అర్ధసంవత్సరపు లెక్క

1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీ సాయంకాలమున అమెరికా దేశమునందలి చికాగో నగరములో ఒక చిన్న కార్యాలయమున నలుగురు మనుష్యులు సమావేశమైరి. వారిలో ఒకరు న్యాయవాది, ఒకరు బొగ్గు వర్తకుడు, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ. ఆ న్యాయవాది పేరు పాల్ హారిస్. అంత పెద్ద పట్టణమున నివసించుచున్నను మనసు విప్పి మాటలాడుటకు మిత్రులు లేని కొరతను తీర్చుకొనుటకే ఆయన తక్కిన మువ్వురిని కలిసికొనెను. అటుపిమ్మట వారు వంతుల చొప్పున ఒక్కొక్కరి కార్యాలయమున కూడుచు వచ్చిరి. ఇట్లు చక్రమువలె స్థలము మారుచుండుటచే వారి సంఘమునకు రోటరీ క్లబ్బు అని పేరు కలిగినది. మొదట స్నేహమునకును, వ్యాపారమున పరస్పర సహాయమునకును ఏర్పడిన యా సంఘము 1907లో నగర ప్రజలకొరకు మరుగుదొడ్లు కట్టించు పనికి పూనుకొనెను. సేవ యనగానే మహత్కార్యములను ఊహించుకొనువారికి ఇది అల్పముగా తోచవచ్చును. సంతకు వచ్చిన బీదవానికి మాత్రము అది అల్పము కాదు.

మన దేశమున మొదటి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో వెలసినది. చికాగోలోనే 1917లో లయన్స్ క్లబ్బులను మరియొక సంఘము పుట్టినది. ఈ రెండు తెగల క్లబ్బులును నేడు తెలుగుదేశమున అనేక పట్టణములందు గలవు. కంటి వైద్య శిబిరములు, రక్తదానము, బీద విద్యార్థులకు పుస్తకములు, పాఠశాలలకు త్రాగునీరు, ఇట్టివి వారు చేయు పనులు. సభ్యులు జీతము పుచ్చుకొనరు. పైగా తామే చందా చెల్లింతురు.

ఇట్టి సంఘముల సంవత్సరము ఉగాదితో గాని జనవరితో గాని మొదలుకాదు. జూలై 1వ తేదీన మొదలై మరుసటి యేడు జూన్ 30వ తేదీతో ముగియును. సాధారణముగా అధ్యక్షుడు ఒక్క సంవత్సరము మాత్రమే ఆ పదవియందుండును. జూలైలో ఆయన తన పాలకమండలితో గూడి, ఈ యేడు ఇంతమందికి కంటి పరీక్షలు చేయింపవలెను, ఇన్ని మొక్కలు నాటవలెను, ఇంతమంది క్రొత్త సభ్యులను చేర్చుకొనవలెను అని లక్ష్యములు నిర్ణయించును. జూలైలో అందరికిని ఉత్సాహమే. అసలు పరీక్ష డిసెంబరులో వచ్చును. డిసెంబరు 31వ తేదీలోపుగా ప్రతి రోటరీ క్లబ్బును సభ్యులందరితో ఒక వార్షిక సమావేశము జరిపి, రాబోవు సంవత్సరపు కార్యవర్గమును ఎన్నుకొనుటయేగాక, నడచుచున్న సంవత్సరపు అర్ధవార్షిక నివేదికను, ఆదాయవ్యయములతో సహా, చదివి వినిపింపవలెనని వారి నిబంధనావళి శాసించుచున్నది.

ఈ నిబంధన వట్టి కాగితపు తంతు వలె కనిపించును. సంవత్సరము ముగిసిన పిదప చెప్పు లెక్క చరిత్ర మాత్రమే; దానివలన పొరపాటును తెలిసికొనవచ్చునుగాని దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. నడుమ చెప్పు లెక్కకు ఆరునెలల గడువు మిగిలియున్నది.

ఒక క్లబ్బు 500 మొక్కలు నాటవలెనని సంకల్పించినదనుకొందము. జూలై, ఆగస్టు నెలలలో వానలు కురిసినవి. 500 మొక్కలును నాటబడినవి. డిసెంబరు సభలో కార్యదర్శి లేచి, "లక్ష్యము నూటికి నూరుపాళ్ళు నెరవేరినది" అని చదివెను. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. అపుడొక వృద్ధ సభ్యుడు, "వానిలో ఈనాడు బ్రదికియున్నవెన్ని?" అని యడిగెను. ఎవరును చెప్పలేకపోయిరి. మరుసటి యాదివారము నలుగురు పోయి లెక్కింపగా 310 మొక్కలు మాత్రమే పచ్చగానున్నవి. కొన్నిటిని మేకలు మేసినవి. కొన్ని నీరులేక యెండినవి. నివేదికలో వ్రాయదగిన సంఖ్య యేది, 500యా, 310యా? రెండును వ్రాయవలసినవే. మొదటిది చేసిన పని. రెండవది కలిగిన ఫలము. మొదటిదానిని మాత్రమే వ్రాసిన క్లబ్బు అబద్ధమాడలేదు. అయినను తన్ను తానే మోసగించుకొన్నది. రెండవదానిని కూడ వ్రాసిన క్లబ్బునకు ముండ్లకంపయు, వేసవికి నీళ్ళబండియు కావలెనని డిసెంబరులోనే తెలియును.

మరియొక సంగతి కలదు. సంవత్సరమున రెండు సగములును సమానములు కావు. పాఠశాలలలో చేయవలసిన పనిని తీసికొనుడు. క్యాలెండరు ప్రకారము జనవరి మొదలు జూన్ వరకు ఆరు నెలలున్నవి. అందు సంక్రాంతి సెలవులు పోవును. మార్చి, ఏప్రిల్ నెలలు పరీక్షలకు చాలును. ఆపైన వేసవి సెలవులు. బడులు తెరచునప్పటికి జూన్ సగము గడచును. కావున వెయ్యిమంది పిల్లలకు కంటి పరీక్ష చేయింతుమని చెప్పి డిసెంబరు నాటికి 500 మందికి చేయించిన క్లబ్బు సరిగా సగము దారిలో నున్నదని సంతోషింపరాదు. దానికి మిగిలినది సగము కాలము కాదు; గట్టిగా రెండు నెలలు.

ఒక్క యూరి క్లబ్బు లెక్క యిట్లుండగా, దేశదేశములలోని క్లబ్బులన్నియు కలిసి పూనిన పెద్ద లక్ష్యము ఒకటి కలదు. దాని లెక్కయు ఇట్టిదే. అది పోలియో వ్యాధి నిర్మూలనము. ఈ వ్యాధి వైరస్ అను సూక్ష్మక్రిమివలన కలుగును. కలుషితమైన నీటిద్వారమునను, చేతులద్వారమునను వ్యాపించును. ముఖ్యముగా అయిదేండ్లలోపు పిల్లలకు సోకును. సోకినవారిలో కొందరికి కాళ్ళు చచ్చుబడును. దీనికి మందు లేదు. రాకుండ కాపాడు టీకా మాత్రము కలదు. 1979లో రోటరీ వారు ఫిలిప్పీన్స్ దేశమున 60 లక్షలమంది పిల్లలకు పోలియో చుక్కలు వేయించు పనికి పూనుకొనిరి. 1985లో ప్రపంచమంతటి పిల్లలకొరకు 12 కోట్ల డాలర్లు ప్రోగుచేయ నిశ్చయించి, 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు ప్రోగుచేసిరి. ఆ యేటనే ప్రపంచ దేశములన్నియు కూడి, 2000 సంవత్సరము నాటికి పోలియోను రూపుమాపవలెనని తీర్మానించినవి. అప్పటికి 125 దేశములలో ఏటేట సుమారు మూడున్నర లక్షల పిల్లలు ఈ వ్యాధివలన అవిటివారగుచుండిరి.

2000 సంవత్సరము వచ్చినది. వ్యాధి నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు తగ్గినది, కాని పోలేదు. నూటికి తొంబదితొమ్మిది మార్కులు వచ్చిన విద్యార్థి పొంగిపోవును. అంటువ్యాధి విషయమున ఆ మిగిలిన యొక్క పాలు నిప్పురవ్వ వంటిది. గడువు దాటినందున లక్ష్యమును తగ్గించుకొందమా, గడువును పొడిగింతమా? వారు గడువును పొడిగించిరి గాని లక్ష్యమును తగ్గింపలేదు.

మన దేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమము ప్రారంభమైనది. ఒక ఆదివారము కేంద్రములయందు పిల్లలకు రెండు చుక్కలు వేసి, ఎడమచేతి చిటికెనవ్రేలిపై సిరాగుర్తు పెట్టుదురు. తరువాతి దినములలో కార్యకర్తలు ఇంటింటికి పోవుదురు. ఇంటిలోని పిల్లలందరికిని చుక్కలు పడినచో గోడమీద సుద్దతో 'పి' అను ఇంగ్లీషు అక్షరము వ్రాయుదురు. పిల్లవాడు ఊరికి పోయినను, తలుపు తాళము వేసియున్నను, తల్లిదండ్రులు వలదన్నను 'ఎక్స్' అను అక్షరము వ్రాయుదురు. ఎక్స్ గుర్తుగల యిండ్లకు మరల పోవలెను. ఈ కార్యక్రమమునంతటిని గెలిపించినదేది యని యడిగినచో ఈ ఎక్స్ గుర్తేయని చెప్పవచ్చును. చుక్కలు పడిన పిల్లలు కోట్లు. వారిని లెక్కించుట సులభము. పడని పిల్లవాడెవడో, ఏ గడపలోపల నున్నాడో గోడమీద వ్రాసి యుంచుకొనుట కష్టము.

ఇంత చేసినను 2009లో మన దేశమున 741 పోలియో కేసులు నమోదైనవి. ఆ యేడు ఏ దేశమునను ఇన్ని లేవు. అధికారులును, సేవాసంఘములును ఈ సంఖ్యను దాచిపెట్టలేదు. అది యెక్కడినుండి వచ్చుచున్నదో వెదకిరి. ఉత్తరప్రదేశ్, బీహారు రాష్ట్రములలోని 107 బ్లాకులలోనే వ్యాధి వేళ్ళూనియున్నదని తేలెను. అక్కడ మురుగుకాలువలు లేవు, మంచినీరు లేదు. తరచు విరేచనములతో బాధపడు పిల్లలకు చుక్కలు సరిగా పనిచేయుట లేదు. ఇటుకబట్టీలకు కూలికి పోవు కుటుంబముల పిల్లలు ఏ యింటి లెక్కలోను చేరుట లేదు. అందుచే 2010లో క్రొత్తరకపు చుక్కలమందును ప్రవేశపెట్టిరి. రైళ్ళలోను, బస్సు నిలయములలోను, ఇటుకబట్టీలలోను చుక్కలు వేసిరి. శంకించిన తల్లిదండ్రులకు నచ్చజెప్పుటకై రోటరీ వారు ఉత్తరప్రదేశ్‌లో ముస్లిం మతపెద్దలతో ఒక సంఘమును ఏర్పరచిరి. 2010లో కేసులు 42కు దిగినవి. 2011లో ఒక్కటే. ఆ యేడు జనవరి 13వ తేదీన పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక చిన్నబాలికకు వచ్చినదే దేశమున చివరి కేసు. 2014 మార్చి 27వ తేదీన మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతము పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను.

ఈ విజయమంతయు రోటరీ వారిదే యనుట న్యాయము కాదు. ఎండలో నడచి తలుపులు తట్టినవారిలో ఎక్కువమంది ప్రభుత్వ ఆరోగ్యకార్యకర్తలు, అంగన్‌వాడీ స్త్రీలు. సేవాసంఘము ధనము కూర్చెను, మనుష్యులను కూర్చెను, ప్రజలు మరచిపోకుండ జ్ఞాపకము చేయుచుండెను. ఒక అధ్యక్షుడు ప్రారంభించినది మరియొక అధ్యక్షుని యేటగాని, పదవ అధ్యక్షుని యేటగాని ముగియలేదు. ప్రతివాడును సగములో అందుకొని సగములో అప్పగించినవాడే.

ప్రపంచమునకు సంబంధించినంతవరకు ఆ లెక్క యింకను మూయబడలేదు. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దేశములలో పోలియో క్రిమి మిగిలియున్నది. 2023లో ఆ రెండు దేశములలోను కలిపి 12 కేసులు మాత్రమే యుండగా 2024లో 99 అయినవి. ఇంకేమి, ముగిసినదని అనుకొనుచున్న సమయముననే సంఖ్య తిరిగి పెరిగినది.

వ్యాధి కనబడనిచోట గూడ లెక్క ఆపుట లేదు. పట్టణములలో మురుగునీటిని సీసాలలో పట్టి ప్రయోగశాలలకు పంపి పరీక్షించుచుందురు. 2016లో హైదరాబాదు నగరమున అంబర్‌పేట మురుగుకాలువనుండి తీసిన నీటిలో, చుక్కలమందునుండి పుట్టి రూపుమారిన పోలియో క్రిమి కనబడెను. ఏ బిడ్డకును కాలు చచ్చుబడలేదు. అయినను ఆ జూన్ నెలలోనే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ప్రమాదమునకు అవకాశమున్న పేటలను గుర్తించి, సుమారు మూడు లక్షలమంది పిల్లలకు టీకా సూదులు వేయుటకు కార్యకర్తలు బయలుదేరిరి.