బహుళ మానిటర్లు - ఆటలో తడబాటు

కంప్యూటరు ఆటలో దృశ్యం సాఫీగా సాగక మధ్యమధ్య కుదుపులకు లోనగుటను స్టటరింగ్ అంటారు. బహుళ మానిటర్లు గల కంప్యూటర్లలో దీనికి ఒక ముఖ్య కారణం వాటి రిఫ్రెష్ రేట్ల వ్యత్యాసం. 144 హెర్ట్‌జ్ మానిటరు సుమారు 6.9 మిల్లీసెకండ్లకు, 60 హెర్ట్‌జ్ మానిటరు 16.7 మిల్లీసెకండ్లకు ఒకసారి దృశ్యాన్ని మారుస్తాయి. విండోస్‌లో తెరల దృశ్యాలను కూర్చే డెస్క్‌టాప్ విండో మేనేజర్ వీటిని సమన్వయపరచలేనపుడు, రెండవ తెరపై వీడియో నడుస్తుండగా మొదటి తెరపై ఆట తడబడుతుంది. 2020 మే నెలలో విడుదలైన విండోస్ 10 నవీకరణతో ఈ సమస్య చాలావరకు తగ్గినది.

రెండవ మానిటరును తాత్కాలికంగా తొలగించినపుడు తడబాటు ఆగినచో, గ్రాఫిక్స్ కార్డు శక్తి చాలకపోవుట కారణం కాకపోవచ్చు. కొత్త కార్డు కొనుటకు ముందు రెండవ తెరపై వీడియోను ఆపుట, ఆటను పూర్తి తెరలో నడుపుట, 144 హెర్ట్‌జ్‌ను 60కి సరిగ్గా రెట్టింపైన 120కి తగ్గించుట ప్రయత్నించదగినవి.