క్వినోవా తిన్నా... గోళీ మానొద్దు!

'సారూ, రెండు నెల్ల సంది అన్నం ముట్టలే. పట్నం నుంచి మా కొడుకు తెచ్చిన క్వినోవానే తింటున్న. ఇగ షుగర్ గోళీలెందుకని బంద్ పెట్టిన!'

ఎల్లారెడ్డి దగ్గరి ఓ పల్లె నుంచి వచ్చిన రైతు మాటలివి. వయసు యాభై దాటింది. ఆయన వచ్చింది షుగర్ కోసం కాదు. పొలంలో రాయి గీరుకుని కాలి వేలికి అయిన పుండు మూడు వారాలైనా మానకపోవడంతో వచ్చారు. పరీక్ష చేస్తే పరగడుపు షుగర్ 268 ఉంది. పుండు ఎందుకు మానడం లేదో అప్పుడు అర్థమైంది.

కామారెడ్డిలోనూ, ఎల్లారెడ్డిలోనూ ఓపీలో ఈ మధ్య తరచూ ఎదురవుతున్న ప్రశ్న ఇది: 'క్వినోవా తింటే షుగర్ పోతుందా?' పోదు. అలాగని అది పనికిరాని తిండీ కాదు. అదేంటో, ఎంత తినాలో, ఎలా వండాలో తెలిస్తే మీకు మేలే చేస్తుంది.

తోటకూరకు చుట్టం

క్వినోవా మనకు కొత్తే గానీ, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్లుగా తింటున్నారు. పెరూ, బొలీవియా దేశాల్లో ఎక్కువగా పండుతుంది. ఐక్యరాజ్యసమితి 2013ను క్వినోవా సంవత్సరంగా ప్రకటించాక దీని పేరు ప్రపంచమంతా పాకింది. తెలుగు నేల మీద అనంతపురం లాంటి కరవు ప్రాంతంలోనూ సాగు చేసి చూశారు.

చూడటానికి కొర్రల్లా ఉన్నా ఇది చిరుధాన్యం కాదు. వరి, జొన్నల్లా గడ్డిజాతి పంటా కాదు. మన తోటకూర, పాలకూరల కుటుంబానికి చెందిన మొక్క గింజ. చేలల్లో మొలిచే చక్రవర్తి కూర దీనికి ఇంకా దగ్గరి చుట్టం.

అంకెలు ఏం చెబుతున్నాయి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం, వండని 100 గ్రాముల గింజల్లో ప్రొటీన్ క్వినోవాలో సుమారు 13 గ్రాములు, సజ్జల్లో 11, జొన్నల్లో 10, పాలిష్ పట్టిన బియ్యంలో 8 గ్రాములు. పీచు బియ్యంలో 3 గ్రాములకు మించదు. జొన్నల్లో 10, క్వినోవాలో 14 గ్రాముల పైనే. తృణధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం కూడా క్వినోవాలో తగినంత ఉంటుంది. గ్లూటెన్ ఉండదు కాబట్టి గోధుమ పడనివారూ తినొచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. వండిన ఒక కప్పు తెల్లన్నంలో పిండిపదార్థం దాదాపు 45 గ్రాములుంటే, వండిన ఒక కప్పు క్వినోవాలో దాదాపు 39 గ్రాములు ఉంటుంది. తేడా అంతే! పీచు ఎక్కువ కాబట్టి షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. కానీ పెరగకుండా ఉండదు. మన రైతు మూడు పూటలా కంచం నిండా పెట్టుకున్నారు. పైగా గోళీలు మానేశారు. షుగర్ పెరగక ఏమవుతుంది?

కడగకపోతే చేదే

ఆయన భార్య మరో మాట చెప్పారు. 'చేదుగుంటది సారూ, తిన్నంక కడుపులో తిప్పుతది' అని. ఆమె బియ్యంలా ఒక్కసారి నీళ్లు పోసి వంపేస్తున్నారు. క్వినోవా గింజ పైపొరలో సపోనిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. నీళ్లలో కుంకుడు రసంలా నురగ వస్తుంది. సన్నని జల్లెడలో పోసి, చేత్తో రుద్దుతూ నురగ పోయేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి. ప్యాకెట్ మీద కడిగినదేనని రాసి ఉన్నా ఒకసారి కడగడం మంచిది.

తర్వాత ఒక కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్లు పోసి, మూతపెట్టి సన్నని మంట మీద పదిహేను నిమిషాలు ఉడికించాలి. గింజ విచ్చుకుని పక్కన తెల్లని దారం లాంటి తోక కనిపిస్తే ఉడికినట్టే. మంట ఆపి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే పొడిపొడిగా వస్తుంది. ఒక కప్పు గింజలు ఉడికాక మూడు కప్పుల దాకా అవుతాయి. కాబట్టి ఒక మనిషికి ఒక పూటకు పావు కప్పు గింజలు చాలు.

మన వంటింటి కిచిడీ (ఇద్దరికి)

కడిగిన క్వినోవా అర కప్పు, పెసరపప్పు పావు కప్పు, తరిగిన మెంతికూర గుప్పెడు, క్యారెట్, బీన్స్, టమాటా ముక్కలు కలిపి ఒక కప్పు తీసుకోండి. కుక్కర్‌లో రెండు చెంచాల నూనె వేసి జీలకర్ర, ఎల్లిపాయ, పచ్చిమిర్చి పోపు పెట్టి, కూరగాయలు మగ్గాక పసుపు, కొద్దిగా ఉప్పు, క్వినోవా, పప్పు వేసి రెండుంపావు కప్పుల నీళ్లు పోయండి. మూడు విజిల్స్ చాలు. పక్కన పచ్చిపులుసో, పెరుగో ఉంటే సరి. తొక్కు మాత్రం వేలితో అద్దుకునేంతే. బీపీ ఉన్నవారికి అదీ వద్దు.

వీరు జాగ్రత్త

* కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇందులో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి.
* కిడ్నీలో రాళ్లు పదే పదే వచ్చేవారూ అడగాలి. పాలకూరలో లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఉంటాయి.
* ఇన్సులిన్ లేదా షుగర్ గోళీలు వాడుతూ ఒక్కసారిగా తిండి బాగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగి ఆసుపత్రికి వెళ్లాలి. మాటలో తడబాటు ఉన్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
* పీచు అలవాటు లేనివారు కొద్దికొద్దిగా పెంచుకోవాలి. లేదంటే కడుపు ఉబ్బుతుంది.

కొనలేకపోతే?

దిగులేం లేదు. క్వినోవా ధర జొన్నల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. జుక్కల్, మద్నూర్ వైపు ఇళ్లలో ఇప్పటికీ జొన్నరొట్టె ఉంది. రొట్టెతో పాటు పప్పు, ఆకుకూర తింటే జొన్నలో తక్కువైన లైసిన్ పప్పులో దొరుకుతుంది. క్వినోవా ఇచ్చేదాంట్లో చాలాభాగం ఆ కంచంలోనే ఉంది. అప్పు చేసి ప్యాకెట్ కొనేకంటే ఆ డబ్బుతో కూరగాయలు, గుడ్లు కొనండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి.

ఆ రైతుకు కొన్నాళ్లు ఇన్సులిన్ ఇచ్చి, రోజూ పుండుకు కట్టు కట్టాం. నెలన్నరకు మానింది. వేలు దక్కింది. ఇంకో పక్షం ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను. ఇప్పుడు వారంలో రెండు రోజులు కిచిడీ, మిగతా రోజులు జొన్నరొట్టె తింటున్నారు. గోళీలు రోజూ వేసుకుంటున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా క్వినోవా మొదలుపెట్టారా? మంచిదే. అయితే ఈ రాత్రికి రెండు పనులు చేయండి. వారి గోళీల డబ్బా తెరిచి, వేసుకుంటున్నారో లేదో చూడండి. పడుకునే ముందు వారి పాదాలనూ ఒకసారి చూడండి.