ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి!

తొలి జీతంతో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ కొనాలనుకుంటున్నారా? మెరిసే పెయింటు, మీటర్ రీడింగ్ చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉందంటే స్టార్టింగ్ ట్రబుల్‌ దాస్తున్నారేమో! ఇంకోరోజు వస్తానని చెప్పండి.

స్టార్ట్ చేశాక పొగ గమనించండి. నీలం రంగులో ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు. నలుపైతే పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టు. చలి ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే మాత్రం అందులో నీరో, కూలెంటో చేరినట్టే. అలాంటి బండి జోలికి పోవద్దు.

అన్నీ బాగున్నా మీకు తెలిసిన మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. పిస్టన్, రింగులు, వాల్వుల అరుగుదల అందులో బయటపడుతుంది. కొన్నాక ఇంజిన్ విప్పాల్సి వస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ టెస్టుకయ్యేది చాలా తక్కువ.