పూలమీద పొడుగు మీసాల అతిథి

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికా తూర్పు రాష్ట్రాల్లో రోడ్ల పక్కన, పార్కుల అంచుల్లో గోల్డెన్‌రాడ్ పచ్చగా విరబూస్తుంది. ఆ పూలమీద నలుపు, పసుపు చారలతో పాకే పురుగును చూసి మన పిల్లలు "అమ్మో, కందిరీగ!" అని వెనక్కి జరుగుతారు. ఒక్క నిమిషం ఆగి చూడమనండి. కందిరీగకు వీపుమీద గట్టి పెంకు ఉండదు. ఇది కుట్టదు కూడా. శత్రువుల నుంచి తప్పించుకోవడానికి కందిరీగ వేషం కట్టిన పెంకుపురుగు ఇది. పేరు లోకస్ట్ బోరర్. పిల్లపురుగుగా ఉన్నప్పుడు బ్లాక్ లోకస్ట్ చెట్టు చెక్కలో పెరుగుతుంది కనుక ఆ పేరు.

దీని కుటుంబం సెరాంబిసిడే. వాడుకలో లాంగ్‌హార్న్ బీటిల్స్ అంటారు. ప్రపంచంలో ఇప్పటికి 35,000కు పైగా జాతులను గుర్తించారు. మన మామిడి తోటల్లో కాండాన్ని తొలిచే పురుగూ ఈ కుటుంబానిదే. వీటిలో చాలా జాతులు రెక్కలు వచ్చాక పుప్పొడి కోసం, తేనె కోసం పూలమీదికి వస్తాయి.

ఇన్నింటిలో ఏది ఏదో తెలిసేదెలా? శాస్త్రజ్ఞులు వాడే పద్ధతి మా ప్రోగ్రామర్లు రాసే ఇఫ్-ఎల్స్ లాంటిదే. ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ ముందుకు వెళ్ళాలి.

మొదటిది: మీసాలు ఒంటి పొడవులో సగమైనా ఉన్నాయా? ఉంటే లాంగ్‌హార్న్ కావచ్చు.

రెండోది: భుజాల దగ్గర వెడల్పుగా ఉండి తోకవైపు సన్నబడిందా? తల వెనుక మెడలా నొక్కుకుపోయిందా? అయితే అది లెప్టురినే ఉపకుటుంబం కావచ్చు. పూల లాంగ్‌హార్న్‌లని పేరుబడ్డవి ఇవే. లోకస్ట్ బోరర్ ఒళ్ళు గొట్టంలా ఉంటుంది, అది సెరాంబిసినే ఉపకుటుంబానిది. ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నవాళ్ళందరిదీ ఒకే ఇంటిపేరు కాదు కదా!

మూడోది: ఇది ఏ నెల? హికరీ బోరర్ అనే పురుగు అచ్చం లోకస్ట్ బోరర్‌లాగే ఉంటుంది. కాని అది వచ్చేది వసంతంలో. కంటికి తెలియని తేడాను కాలెండరు చెబుతుంది.

ఈ గుర్తింపు కాలక్షేపానికి మాత్రమే కాదు. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఎల్డర్‌బెర్రీ మొక్కనే నమ్ముకుని బతికే ఒక లాంగ్‌హార్న్‌ను 1980లో ప్రభుత్వ రక్షణ జాబితాలో చేర్చారు. మరోవైపు ఏషియన్ లాంగ్‌హార్న్ ఉంది. 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బయటపడిన ఈ పురుగు మేపుల్ చెట్లను లోపలినుంచి తొలిచి చంపేస్తుంది. నిగనిగలాడే నల్లని ఒంటిమీద తెల్ల మచ్చలు, నలుపు తెలుపు పట్టీల మీసాలు దీని గుర్తులు. కనబడితే ఫొటో తీసి రాష్ట్ర వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. రెక్కల మొదట్లో సరిగ్గా మధ్యన ఒక తెల్లచుక్క ఉంటే మాత్రం అది ఇక్కడి పైన్ సాయర్ కావచ్చు. ఒకదాన్ని కాపాడాలి, ఒకదాన్ని పట్టివ్వాలి, ఇంకొకదాన్ని దాని మానాన వదిలేయాలి. తేడా తెలియకపోతే మూడింటికీ చెప్పుదెబ్బే!

పిల్లలూ, ఈసారి పార్కుకు వెళ్ళినప్పుడు చిన్న నోటుబుక్కు తీసుకెళ్ళండి. తేదీ, చోటు, పువ్వు పేరు, మీసాల పొడవు రాసుకోండి. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయండి. పేరు తర్వాత నిదానంగా వెతుక్కోవచ్చు. పురుగును మాత్రం పువ్వుమీదే ఉండనివ్వండి.